ముందు ఒక్క నిమిషం తీసి చూపించు

తమ్ముడూ,

నువ్వు పంపిన 14 పేజీల స్క్రిప్టు చదివాను. పేజీకి ఒక నిమిషం అని సినిమావాళ్లు ఒక మోటు లెక్క వేస్తారు. ఆ లెక్కన ఇది పావుగంట సినిమా. కెమెరా అద్దెకు తేవాలా, హైదరాబాద్ పోయి కోర్సు చేయాలా అని అడిగావు. ఇప్పుడు రెండూ వద్దు. స్క్రిప్టు బీరువాలో పెట్టు. నీ ఫోనుతో, మీ దోస్తులతో, మాటలు లేకుండా ఒక్క నిమిషం తీయి.

నీ మొదటి సీను ఇలా ఉంది: ‘పదేళ్ల అప్పుల బాధ మల్లయ్య గుండెలో సుడులు తిరుగుతోంది.’ కథలో అయితే నడుస్తుంది. షూటింగులో మాత్రం మల్లయ్య వేషం వేసిన నీ దోస్తు ‘ఇప్పుడు నేనేం చెయ్యాల్రా?’ అంటాడు. నీ దగ్గర జవాబు ఉండదు. మల్లయ్య ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి ఇంటికొచ్చాడని నువ్వే రాశావు కదా. అంటే చేతిలో తక్‌పట్టీ, అదే అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, ఉంటుంది. భార్య చెంబుతో నీళ్లిస్తుంది. ఎంత పడిందని అడగదు, ఆ కాగితం వైపు చూస్తుంది. అతను దాన్ని ఇంకో మడత పెట్టి జేబులోకి తోస్తాడు. కళ్లు తుడుచుకోబోయి ఆగిపోతాడు. మిర్చి పట్టిన చెయ్యి మరి! ఇది తీయొచ్చు. మూడు షాట్లు చాలు: గుమ్మం, ఆమె ముఖం, ఆ చెయ్యి.

మూడే కదా అనుకోకు. నేను కాలేజీలో ఉన్నప్పుడు అరువు తెచ్చిన హ్యాండీక్యామ్‌తో కాజీపేట స్టేషన్ బయట ఒక చాయ్ హోటల్లో సీను తీశాం. ఎదురెదురుగా ఇద్దరు దోస్తులు. ఒకణ్ణి ఇటునుంచి, ఇంకొకణ్ణి అటునుంచి తీశాం. ఎడిటింగులో చూస్తే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు, ఒకే బస్సు కోసం నిలబడ్డట్టు. ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాను దానికి ఒక పక్కనే ఉంచాలి. దాన్ని 180 డిగ్రీల రూల్ అంటారని తర్వాత తెలిసింది. చాయ్ గ్లాసు సంగతి సరే సరి: సగం, ఖాళీ, మళ్లీ నిండుగా. వెనక స్టేషన్ అనౌన్స్‌మెంటు అయితే కట్ కట్‌కూ రైలు మార్చేసింది. ఆ సీనులో నేను రాసిన డైలాగు నాకు ప్రాణం. ఒక్క ముక్క వినపడలేదు.

అందుకే ముందు చెవులు రిక్కించి చుట్టూ చప్పుళ్లు విను. ఫ్యాను ఆపు. మాటలున్న సీను తీసే రోజు రెండో ఫోను నటుడి జేబులో పెట్టి రికార్డింగ్ ఆన్ చెయ్యి. షాటు మొదట్లో చేతులతో గట్టిగా ఒక్క చప్పట కొట్టు, క్లాప్ బోర్డు పని అదే చేస్తుంది. బొమ్మనూ శబ్దాన్నీ ఆ చప్పుడు దగ్గర కలుపుకోవచ్చు. అందరూ నోరు మూసుకున్నాక ఆ గది నిశ్శబ్దాన్ని కూడా అర నిమిషం రికార్డు చెయ్యి. ఎడిటింగులో అతుకులు దాచడానికి పనికొస్తుంది.

వెలుగుకు కిటికీ పక్కన కూర్చోబెట్టు. రాత్రి ట్యూబ్‌లైటు కింద తీస్తే తెర మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోనులో షటర్ స్పీడు, అంటే ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం, 1/50 సెకను పెడితే చాలావరకు పోతాయి. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే బొమ్మలు, 24 ఉంచు.

ఇంకో మాట. ఖిలా వరంగల్ తోరణం మీద డ్రోన్ షాటుతో మొదలుపెడదామని రాశావు. అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, షూటింగుకు అనుమతి కావాలి. అనుమతి వచ్చినా మల్లయ్యకు ఆ తోరణంతో పనేంటో నాకు అర్థం కాలేదు.

ఎడిటింగు ఎవరికీ ఇవ్వకు, నువ్వే కూర్చో. ప్రతి షాటుకు ముందూ వెనకా ఐదు సెకన్లు ఎక్కువ తీసి ఉంచుకుంటే కోసుకోవడానికి చోటు ఉంటుంది. ఆమె ముఖాన్ని ఒకసారి చెయ్యి కంటే ముందు పెట్టి చూడు, ఒకసారి తర్వాత పెట్టి చూడు. ముందు పెడితే ఆమెకు సంగతి అప్పుడే తెలిసిపోయినట్టుంటుంది. తర్వాత పెడితే అప్పుడే తెలుస్తున్నట్టుంటుంది. నీ 14 పేజీల్లో ఏది రాశావో అప్పుడు చెప్పు.

ఆదివారం హన్మకొండకు పట్టుకురా. మ్యూజిక్ వేయకు. ఫోనులో జాగా ఖాళీ చేసుకుని మొదలుపెట్టు, అయితే మీ అక్క పెళ్లి వీడియోలు మాత్రం డిలీట్ కొట్టకు.

నీ అన్న