బీరతీగకు బూడిద పట్టిందని రాశావు కదా

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. బీర ఆకుల మీద ఎవరో విభూతి చల్లినట్టు ఉంది కదా, అది దుమ్ము కాదు. నువ్వు అనుమానపడ్డట్టు నీళ్లలో సున్నం ఎక్కువై పడ్డ మరకా కాదు. బూడిద తెగులే. టెన్షన్ పడకు, దీనితో తీగ రాత్రికి రాత్రి చచ్చిపోదు. అలాగని వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకునే వ్యవహారమూ కాదు. ఒక మచ్చ ఆకు మీద పడి, మళ్లీ దాన్నుంచి పొడి రేగి పక్క ఆకుకు అంటుకోవడానికి వారం చాలు. నీ ఫొటోలో మూడు ఆకులే తెల్లగా ఉన్నాయి, కాబట్టి ఇప్పుడే మొదలుపెడితే నీదే పైచేయి.

ముందు చిన్న పరీక్ష చెయ్యి. వేలు తడి చేసుకుని మచ్చ మీద రుద్దు. బూడిద తెగులైతే తెల్లపొడి వేలికి వచ్చేసి, కింద ఆకు పచ్చగానో పాలిపోయిన పసుపుగానో బయటపడుతుంది. ఎంత రుద్దినా తెలుపు పోకపోతే అది తెగులు కాదు. గుమ్మడిలో కొన్ని రకాలకు ఈనెల పక్కన వెండి పూసినట్టు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. నేను తోటపని మొదలుపెట్టిన కొత్తలో ఆ మచ్చలు చూసి హడలిపోయి, నిక్షేపంలా ఉన్న గుమ్మడి పాదుకు సగం ఆకులు కోసి పారేశాను. పక్కింటాయన చూసి నవ్వేదాకా నాకు సంగతి తెలియలేదు.

ఇంకొకటి కూడా చూడు. పేరు దగ్గరగా ఉండేసరికి చాలామంది బూజు తెగులును, బూడిద తెగులును ఒకటే అనుకుంటారు. బూజు తెగులు వస్తే ఆకు పైన ఈనెల మధ్య గళ్లు గళ్లుగా పసుపు మచ్చలు పడతాయి, ఆకు తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు, ఊదారంగు కలిసిన నూగు ఉంటుంది. దానికి ఆకు తడిగా ఉండాలి. బూడిద తెగులుకు ఆ అవసరం లేదు. దీనికి పనిచేసే గంధకం దానికి పనిచెయ్యదు. అందుకే గుర్తుపట్టకుండా మందు కొనకు.

"ఆకుల మీద నీళ్లు పడనివ్వడమే లేదు, ఐనా ఎందుకు వచ్చింది?" అని అడిగావు. చాలా శిలీంధ్రాల బీజాలు మొలవాలంటే ఆకు మీద నీటిబొట్టు ఉండాలి. దీని బీజాలు మాత్రం గాలిలో తేమ చాలు, పొడి ఆకు మీదే మొలుస్తాయి. పైగా నీళ్లలో నానితే చెడిపోతాయి. మొలిచాక ఆకు పైపైనే తెల్లని దారాల్లా పాకుతూ, అక్కడక్కడ చర్మంలోకి సన్నని వేరులాంటిది దింపి రసం పీల్చుకుంటుంది. బతికున్న ఆకు మీదే దాని బతుకు, అందుకే ఆకును త్వరగా చంపదు. కొద్దికొద్దిగా పీలుస్తుంది. ఆకు పసుపై, గోధుమరంగుకు తిరిగి, అంచులు ముడుచుకుని, చివరికి అప్పడంలా పెళుసు బారుతుంది. పైన నీడనిచ్చే ఆకులు అలా పోతే పిందెలకు ఎండ కొడుతుంది, కాయ ఊరదు.

దానికి నచ్చే వాతావరణం మనకు నచ్చేదే. 20 నుంచి 27 డిగ్రీల మధ్య వేడి, వాన లేని పగళ్లు, చల్లబడి గాలి చెమ్మగా మారే రాత్రులు, కాస్త నీడ, గాలి ఆడని గుబురు. బాగా మండే ఎండల్లో దానంతట అదే వెనక్కి తగ్గుతుంది. నీ పందిరి ఫొటో చూస్తే సంగతంతా అక్కడే తెలిసిపోయింది. రెండు తీగలు పట్టే చోట ఐదు ఎక్కించావు. కింద నిలబడి తల ఎత్తితే ఆకాశం కనబడాలి అమ్మలూ. నీకు ఆకులే కనబడుతున్నాయి.

గులాబీ కుండీలను బీరకు దూరంగా జరపమంటావా అని కూడా రాశావు. అక్కర్లేదు. చూడ్డానికి అన్నీ ఒకేలా తెల్లగా ఉన్నా, ఒక్కో కుటుంబం మొక్కలకు ఒక్కో రకం బూడిద తెగులు. గులాబీది బీరకు రాదు, బీరది గులాబీకి పోదు. కానీ బీర మీదున్నది దోస, సొర, గుమ్మడి, కాకర వంటి దాని బంధువులకు పాకొచ్చు. నీ దోసపాదు రెండడుగుల దూరంలోనే ఉంది కదా, ఇవాళే దాని అడుగు ఆకులు తిప్పి చూడు.

ఇక పనిలోకి దిగు. మొదట కత్తెర, ఆ తర్వాతే స్ప్రేయర్. పాడైన మూడు ఆకులు కొయ్యి, నేలకు ఆనుకుని నీడలో పసుపుబారిన ముదురు ఆకులు కూడా తియ్యి. కోసే పద్ధతి ఒకటుంది. ఆకు తొడిమ పట్టుకుని లాగితే తెల్లపొడి పొగలా లేస్తుంది, ఎండ వెలుగులో ఆ పొగ కంటికి కనబడుతుంది కూడా. నువ్వే చేజేతులా పందిరంతా విత్తనం చల్లినట్టు అవుతుంది. అందుకని ప్లాస్టిక్ సంచిని కింద నుంచి ఆకుకు తొడిగి, మూతి దగ్గర పట్టుకుని, అప్పుడు తొడిమ కత్తిరించు. గాలి లేని పొద్దుటి పూట చేస్తే మరీ మంచిది. ఒకేసారి మూడో వంతుకు మించి ఆకులు తియ్యకు, మొక్కకు వంట చేసిపెట్టేవి అవే. తీసినవి నీ కంపోస్టు డబ్బాలో వెయ్యకుండా సంచీతో సహా బయటికి పంపించు.

ఇప్పుడు మందుల సంగతి. ఏ మందు కొట్టినా మచ్చ పడ్డ ఆకు మళ్లీ కొత్త ఆకులా మారదు. కొట్టిన మర్నాడు చూసి "ఇంకా తెల్లగానే ఉంది పెదనాన్నా" అని మెసేజ్ పెట్టకు. మందు కొట్టేది ముఖ్యంగా ఇంకా మచ్చ పడని ఆకు కోసం. వారం తర్వాత పైనున్న కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నదే నీ లెక్క. అందుకే పిచికారీ చేసేటప్పుడు తెల్లగా ఉన్నచోట తడిపి ఊరుకోకుండా, బాగున్న ఆకులను పైనా, కిందా కూడా తడుపు. ఎక్కువమంది వదిలేసేది ఆకు అడుగే. మిరప, టమాటాల మీద వచ్చే రకమైతే మరీ దొంగది. తెల్లపొడి అడుగునే ఉంటుంది, పైన పసుపు మచ్చ తప్ప ఏమీ కనబడదు.

నీకున్నది ఒక్క పందిరి కాబట్టి పాలతో మొదలుపెట్టు. నవ్వకు, ఇది పెదనాన్న చిట్కా వైద్యం కాదు. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త ఒకరు గ్రీన్‌హౌస్‌లో జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మొక్కల మీద ఆవుపాలు చల్లి, బూడిద తెగులు తగ్గుతుందని ప్రయోగం చేసి చూపించాడు. పాలు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలుపు. పొద్దున ఎండ తగిలే వేళ, వారానికి రెండుసార్లు. పాలు ఎక్కువ పోస్తే ఎక్కువ పనిచేస్తుందని చిక్కగా కలిపావంటే ఆకులు వాసన కొడతాయి, వాటి మీద వేరే నల్లబూజు లేస్తుంది. మచ్చలు కొద్దిగా ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది. పందిరంతా తెల్లబడ్డాక పాలు పొయ్యడం దండగ.

వంటసోడా సంగతి అందరూ చెబుతారు. లీటరు నీళ్లకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు, ఆకుకు అంటుకోవడానికి నాలుగు చుక్కల మెత్తటి ద్రవ సబ్బు. బట్టల సోపు పొడి మాత్రం వద్దు. ఇది పనిచేస్తుంది, కానీ అందులోని సోడియం కుండీ మట్టిలో చేరి మెల్లగా వేళ్లకు కీడు చేస్తుంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే అదే మోతాదులో అది వాడు. రెండూ తగిలినచోటే పనిచేస్తాయి. వాన పడితే కొట్టుకుపోతాయి, మళ్లీ కొట్టాల్సిందే.

వీటితో రెండు వారాల్లో దారికి రాకపోతే గంధకం. ఈ తెగులుకు గంధకం కంటే పాత మందు లేదు. 1845లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో టకర్ అనే తోటమాలి ద్రాక్ష ఆకుల మీద ఈ తెల్లపొడిని గుర్తించాడు. కొన్నేళ్లలోనే అది ఫ్రాన్స్ ద్రాక్షతోటలను చుట్టేస్తే అక్కడివాళ్లను ఒడ్డున పడేసింది గంధకమే. ఇన్నేళ్లు వాడుతున్నా తెగులు దానికి అలవాటు పడలేదు, ఎందుకంటే అది ఒకచోట కాకుండా చాలాచోట్ల దెబ్బకొడుతుంది. 80 శాతం నీటిలో కలిసే గంధకం పొడి తీసుకో. మామూలుగా లీటరుకు 2 నుంచి 3 గ్రాములు పడుతుంది, కానీ ప్యాకెట్ మీద నీ పంటకు ఏం రాశారో అదే ఖాయం చేసుకో. బీర, దోస జాతి మొక్కలు దీనికి కాస్త సున్నితం, ఆకులు మాడొచ్చు. ముందు రెండు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకసారి దోసపాదుకు మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండలో గంధకం కొట్టాను. అంతకు నాలుగు రోజుల ముందే వేపనూనె కూడా కొట్టి ఉన్నాను. రెండు రోజులకు ఆకుల అంచులన్నీ నిప్పు తగిలిన కాగితంలా గోధుమరంగుకు తిరిగాయి. నేనేమో తెగులు ముదిరిందనుకుని ఇంకో డోసు కొట్టాను! ఆ పాదు ఇక లేవలేదు. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. వేడి 32 డిగ్రీలు దాటే రోజున గంధకం ముట్టుకోకు. నూనె మందుకూ గంధకానికీ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. వేపనూనె కూడా ఈ తెగులును కొంత ఆపుతుంది. లీటరుకు 5 మిల్లీలీటర్లు, సబ్బు కలిపి సాయంత్రం పూట. కానీ రెండింట్లో ఒక దారి ఎంచుకో.

హెక్సాకొనజోల్, మైక్లోబ్యుటానిల్ లాంటి మందులు మొక్క లోపలికి ఇంకి పనిచేస్తాయి, నిజమే. నీకు మాత్రం నేను చెప్పను. రోజు విడిచి రోజు కాయ కోసుకు తినే తీగ అది. ఆ మందు కొట్టాక లేబుల్ మీద రాసినన్ని రోజులు కాయ కొయ్యకూడదు. పైగా ఆ రెండూ ఒకే గుంపు మందులు, మార్చి మార్చి కొట్టాననుకున్నా మార్చినట్టు కాదు. తెగులు వాటికి త్వరగా అలవాటు పడుతుంది.

అన్నట్టు, ఆకుల మీద చిన్న పసుపు పెంకు పురుగులు కనబడితే చంపకు. అక్షింతల పురుగుల జాతిలోనే కొన్ని ఈ తెల్లపొడిని తిని బతుకుతాయి. పొడి మీద అవి నడిచిన దారి పచ్చగా, పలక మీద తుడిచినట్టు కనబడుతుంది. వాటిని మొదటిసారి చూసినప్పుడు అరగంటసేపు అక్కడే కూర్చుండిపోయాను, మీ పెద్దమ్మ కేకేసేదాకా.

గులాబీకి ఇంకా రాలేదు కాబట్టి రెండే మాటలు. అక్కడ ముదురాకు కాదు, చిగురునీ మొగ్గనీ చూడు. లేత ఆకులు ముడుచుకుని ఎర్రబారితే అనుమానించు. పొద్దున తొమ్మిదింటికి పైపుతో ఆకులు కడిగితే బీజాలు కొట్టుకుపోతాయి, సాయంత్రానికి ఆరిపోతాయి. రాత్రికి తడి ఉంచితే మాత్రం నల్లమచ్చ తెగులు పట్టుకుంటుంది.

ఆకులు చిన్నబోయాయని యూరియా వేశానన్నావు, అదొక్కటీ ఆపెయ్. నత్రజని ఎక్కువైతే చిగుళ్లు మెత్తగా, రసం నిండి వస్తాయి, తెగులుకు అవే విందు. ఐదు తీగల్లో బలహీనమైన రెండింటిని మొదలు దగ్గరే కోసెయ్, ప్రాణం ఒప్పకపోయినా సరే. మిగిలిన వాటికి అడుగు నుంచి ఒక అడుగు ఎత్తు దాకా ఆకులు తీసేస్తే గాలి ఆడుతుంది. ఒకవేళ ఏదైనా తీగ కాపు అయిపోవచ్చి, అప్పుడు తెల్లబడితే దానికి మందుల ఖర్చు పెట్టకు. ఉన్న కాయలు కోసుకుని పీకెయ్. కాయలు కడుక్కుని తినొచ్చు.

రేపు పొద్దున ఆకులు కోశాక మళ్లీ ఫొటోలు పంపు. ఈసారి ఆకు అడుగువైపువి, దోసపాదువి కూడా.

మీ పెదనాన్న