ఇంటికొచ్చే ముందు, బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

గ్రీమ్స్‌పేట, చిత్తూరు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికా నుంచి డిసెంబరు 20న దిగుతున్నారని నిన్న మీ అమ్మ చెప్పింది. చెప్తూ చెప్తూ నాలుగుసార్లు క్యాలెండర్ దగ్గరికి పోయి వచ్చింది. పోయినసారి వచ్చినప్పుడు నీ చంకలో బాబు ఉన్నాడు. ఈసారి వాడికి ఆరేళ్లు, చంకలో చెల్లెలు.

నువ్వు ఫోన్లో నన్ను అడిగినవి రెండే. బెంగళూరులో దిగాలా, చెన్నైలో దిగాలా? ఎవరికి ఏం తేవాలి? రెండింటికీ చెప్తాను. కానీ నువ్వు అడగని సంగతి ఒకటుంది, ఈ ఉత్తరం దాని కోసమే. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ పక్కనే కూర్చుని ఉంటుంది.

ముందు 2003లో జరిగింది విను. మస్కట్‌లో నేను 19 ఏళ్లు నర్సుగా చేశాను కదా, రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు దొరికేది. ఆ నెల రోజుల్లో ఇంట్లో ఉన్నది తక్కువ. పొద్దున టిఫిన్ తినగానే బయటపడేదాన్ని. ఈ రోజు పాకాల, రేపు పూతలపట్టు, ఎల్లుండి తిరుపతి. ప్రతి ఇంటికీ ఒక సంచి, అందులో ఖర్జూరాలు, పెయిన్ బామ్, సెంటు సీసా. ఒక్క ఇల్లు తప్పితే మాట పడాల్సి వస్తుందని భయం. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరితే మీ అవ్వ అన్నం పెట్టి పక్కన కూర్చునేది. నాకు తింటూనే కళ్లు మూతలు పడేవి.

తిరిగి పోయే రోజు కారు వాకిట్లో ఉంది. కాళ్లకు దండం పెట్టడానికి వంగాను. మీ అవ్వ కుడికాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. ‘చాల్లేమ్మా, టైమవుతోంది, పో’ అంది. పసుపు వాసన వచ్చింది, దాని వెనకే ఇంకో వాసన. వార్డులో రోజూ ఎరిగిన వాసనే అది. ఆ రోజు నా చేతిలో పాస్‌పోర్టు, మనసంతా చెన్నై ఎయిర్‌పోర్టు మీద. అందిన కాలొక్కటీ ముట్టుకుని కళ్లకద్దుకుని కారెక్కేశాను. రెండు నెలలకు వేలూరులో ఆమెకు రెండు కాలివేళ్లు తీసేశారు. షుగర్ పుండు. నేను సెలవుకు రాకముందే మొదలైందట. పసుపు అద్ది, పాత పంచె గుడ్డ చుట్టుకుని, నేనున్న నెల రోజులూ ఇంట్లో కూడా చెప్పులేసుకునే తిరిగింది. ఎందుకమ్మా అంటే ‘గచ్చు చల్లగా ఉంది’ అనేది. అది మే నెల.

మీ అమ్మ ఆ తల్లి కూతురే. నీతో వీడియో కాల్‌లో మాట్లాడే ముందు చీర మార్చుకుంటుంది, సోఫాలో వెలుతురు పడే వైపు కూర్చుంటుంది. ‘మాకేం, బాగున్నాం’ అంటుంది. నువ్వు గాభరా పడకు, నేను రెండు వీధుల అవతలే ఉన్నాను, వారానికోసారి బీపీ చూస్తూనే ఉన్నాను. కానీ నేను అక్కను. నాకు చెప్పే అబద్ధాలు ఆమెకు అలవాటైపోయాయి. నువ్వు అడిగితే వేరు.

అందుకని చిత్తూరు చేరిన మొదటి మూడు రోజులు గడప దాటద్దు. ఎవరు పిలిచినా సరే, పిల్లలకు నిద్ర కుదరలేదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. ఇప్పుడు మీకూ మాకూ పదిన్నర గంటల తేడా, మనకు రాత్రి రెండయితే మీ పిల్లల ఒంటికి అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. లేచి ఆడతారు. లేవనీ. మీ అమ్మ కూడా లేస్తుంది, ఆ వేళ ఆమె ఎలా లేస్తోందో చూడు. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేస్తోందా, గోడ పట్టుకుంటోందా, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కు పోతోంది. పగలు పది మంది వచ్చిపోయే ఇంట్లో ఇవి కనపడవు.

మందుల డబ్బా తియ్యి. బిల్లు మీద కొన్న తేదీ ఉంటుంది. నెల కింద కొన్న ముప్పై మాత్రల్లో ఇంకా పదిహేను మిగిలి ఉంటే రోజు మార్చి రోజు వేసుకుంటోందని అర్థం. ఒక్క ఫాస్టింగ్ షుగర్ చూసి సరిపెట్టుకోవద్దు, పరీక్షకు ముందు రెండు రోజులు రాత్రి అన్నం మానేసే మనిషి ఆమె. హెచ్‌బీఏవన్‌సీ చేయించు. దాంట్లో మూడు నెలల లెక్క పడుతుంది, రెండు రోజుల ఉపవాసానికి అది మారదు. ఇక కాళ్లు. చూపించమంటే చూపించదు. నూనె రాస్తానని కూర్చోబెట్టి వేళ్ల సందులు, మడమ, అరికాలు చూడు. వేలితో మెల్లగా తాకి, తెలుస్తోందా అని అడుగు.

మీ నాయన సంగతి నేనే చెప్పేస్తున్నాను. ఆరు నెలలుగా రాత్రిపూట స్కూటర్ తియ్యడం లేదు. ఎదురొచ్చే లైట్లు చెదిరిపోయినట్టు కనిపిస్తున్నాయట. కుడికంట్లో శుక్లం. డాక్టరు ఆపరేషన్ చేయించుకోమని చెప్పి చాలా రోజులైంది, ‘పిల్ల వచ్చి పోనీ’ అంటున్నాడు. ఇక్కడ తల్లిదండ్రులందరిదీ ఇదే వరస. మీరొచ్చి పోయేదాకా నొప్పులన్నీ వాయిదా. నువ్వు దీన్ని తిరగెయ్యి. క్రిస్మస్ వారంలోనే తిరుపతికి తీసుకుపోయి చేయించు, అరవింద్ కంటాసుపత్రి ఉంది, ముందే ఫోన్ చేసి కనుక్కో. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఆ తర్వాత ముఖ్యమైనవి చుక్కలు. రోజుకు ఇన్నిసార్లని లెక్క తప్పకుండా కొన్ని వారాలు వెయ్యాలి, కంట్లో నీళ్లు పడకూడదు, బిందెలెత్తకూడదు. ఉన్నన్నాళ్లూ ఆ చుక్కలు నువ్వు వెయ్యి. కూతురు చెప్తే తల వెనక్కి వాల్చి కూర్చుంటాడు, మీ అమ్మ చెప్తే పేపరు చదువుతూ ఉంటాడు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. బెంగళూరులో దిగు. రేణిగుంట ఎయిర్‌పోర్టుకు రావాలంటే చంటిబిడ్డతో ఇంకో విమానం మారాలి. చెన్నై నుంచి మనకు దగ్గరే, కానీ అప్పుడు మీ అత్తగారి ఊరు వెనకబడిపోతుంది. బెంగళూరు నుంచయితే హోసకోట, కోలారు, ముళబాగిలు దాటి నంగిలి తర్వాత మన రాష్ట్రంలోకి రాగానే ముందు తగిలేది పలమనేరే. ఆ ఊరిని దాటుకుని నేరుగా పుట్టింటికి వస్తే ఆ మాట ఏళ్ల తరబడి ఉంటుంది. నాకు తెలుసు, నీ మనసు చిత్తూరు మీద ఉంటుంది. అయినా ముందు అక్కడ రెండు రాత్రులు నిదానంగా ఉండు. పొద్దున కాఫీ తాగి సాయంత్రం బయల్దేరే రకంగా వద్దు. మీ అత్త చేతి సంగటి తిను, పిల్లల్ని వాళ్ల తాత దగ్గర వదిలి నువ్వు పడుకో. అల్లుడు కూడా తన తల్లి కాళ్లు చూసుకోవాల్సినవాడే. మీ అమ్మకు నేను నచ్చజెప్తాను. పిల్లలకు స్వెట్టర్లు చేతి సంచిలోనే పెట్టు, డిసెంబర్లో పలమనేరు చలి చిత్తూరు చలిలాంటిది కాదు. విమానం అర్ధరాత్రి దిగితే తెల్లారేదాకా బెంగళూరులోనే ఎక్కడైనా ఆగండి. నిద్రలేని డ్రైవరును నమ్మి పిల్లలతో రాత్రి ప్రయాణం వద్దు. పలమనేరు నుంచి మన ఊరికి వచ్చేటప్పుడు కూడా అంతే, మొగిలి ఘాట్ పగలే దిగండి.

చిన్నదానికి ఓసీఐ కార్డు వచ్చిందా? అక్కడ పుట్టి ఆ దేశం పాస్‌పోర్టున్న పిల్లలకు ఓసీఐ గానీ వీసా గానీ లేకుండా విమానం ఎక్కనివ్వరు. అల్లుడికి వీసా స్టాంపింగ్ ఉంటే దానికి డేటు ఖాయమయ్యాకే మిగతా రోజులు పంచుకో. ఆ టెన్షన్ పెట్టుకుని ఇంట్లో ఉంటే, ఉన్నా ఉన్నట్టు కాదు.

తేవాల్సినవి. పెద్ద సూట్‌కేసులు నింపద్దు. ఇక్కడ దొరకని వస్తువు ఇప్పుడేం లేదమ్మీ. పిల్లలున్న ఇళ్లకు చాక్లెట్లు చాలు. ఎవరు అడిగినా మాత్రలు మాత్రం తేవద్దు, ఎవరి ఒంట్లో ఏముందో నీకు తెలియదు. ఆ డబ్బు మిగిల్చి కవర్లలో పెట్టుకో. పోయిన ఏడాది రాత్రి పదకొండున్నరకు మీ నాయనకు ఛాతీలో నొప్పి వస్తే ఆటో తీసుకొచ్చి తెల్లారేదాకా ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాడు ఉన్నాడు. గ్యాస్ నొప్పే అని తేలింది గానీ ఆ రాత్రి అది ఎవరికి తెలుసు? నీకు చెప్పలేదు కదూ. ఇంట్లో పనిచేసే ఆమె మీ అమ్మకు జ్వరమొచ్చిన పది రోజులు వంట కూడా చేసి పెట్టింది. వాళ్లిద్దరి ఇళ్లకు నువ్వే నడుచుకుంటూ పో. పిల్లల్ని తీసుకుపో, ఒక పూట కూర్చో. చుట్టాల ఇళ్లు తిరగాల్సిన పని లేదు. సంక్రాంతికి ఒక రోజు అందరినీ మన ఇంటికే భోజనానికి పిలుద్దాం. వంట మనిషిని నేను మాట్లాడతాను. రానివాళ్లతో ఫోన్లో మాట్లాడు. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు, నేను ముప్పై ఇళ్లు తిరిగినా నొచ్చుకున్నవాళ్లు మిగిలే ఉన్నారు.

ఆ భోజనాల రోజు ఎవరో ఒకరు మామిడితోట బేరం తెస్తారు. మీరు అక్కడ ఉన్నంతకాలం వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చేది వేరు, ఇల్లో ఇంటి స్థలమో కొనచ్చు. పండగ హడావుడిలో ఎవరి పేరా పవర్ ఆఫ్ అటార్నీ రాయకండి.

తిరుమల కొండకు పోవాలి, చిన్నదాని పుట్టువెంట్రుకలు ఉన్నాయి కదా. పదకొండో నెల దాటకముందే కల్యాణకట్టలో తీయించేద్దాం, మేనమామను సెలవు పెట్టుకోమని చెప్పు. ఏడాదిలోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను సుపథం దారిలో దర్శనానికి పంపిస్తారు, బర్త్ సర్టిఫికెట్ వెంట ఉంచుకో. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు దిగిన నెలలోపు పాస్‌పోర్టులో ముద్ర చూసి అదే దారిలో 300 రూపాయల టికెట్ ఇస్తారు. ఒక్క జాగ్రత్త. వైకుంఠ ఏకాదశి నుంచి పది రోజులు ద్వార దర్శనాలు ఉంటాయి, ఆ రోజుల్లో ఈ వెసులుబాట్లన్నీ ఆపేస్తారు. ఏకాదశి ఎప్పుడో చూసుకుని, ఆ పది రోజులు తప్పించి, వేళలు టీటీడీ వెబ్‌సైట్‌లో సరిచూసుకుని రోజు ఖాయం చెయ్యి. నాయన కంటి ఆపరేషన్ అయ్యి ఉంటుంది కాబట్టి ఆయన ఈసారి కొండకు రాకపోయినా ఫర్వాలేదు.

పిల్లలకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వు, బండి మీద కోసిన పండ్లు వద్దు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఇంట్లో పెట్టాను. బాబు తెలుగు మాట్లాడడని మీ అమ్మ దిగులు. వాడిని కనుమ రోజు మా ఊరికి తీసుకుపోతాను. సాయంత్రం ఊరి బయట చిట్లాకుప్ప, అదే కంపల కుప్ప, ముట్టిస్తారు, ఆవుల్ని తోలుకొస్తారు. అక్కడ వాడికి ఏ భాషా అక్కర్లేదు.

ఇంకొకటి. నువ్వొచ్చేది అనపకాయల కాలం. సంతలో అమ్మే ఆమెకు చెప్పి పెట్టాను, నువ్వు చిత్తూరు చేరిన మర్నాడు రెండు కేజీలు తెచ్చి ఇస్తుంది. గింజలు రాత్రి నానబెట్టు. పొద్దున మీ అమ్మా నువ్వూ వరండాలో చాప వేసుకుని కూర్చోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ పెట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు జారి గిన్నెలో పడుతుంది. రెండు కేజీల కాయల గింజలంటే మధ్యాహ్నం దాకా పడుతుంది. చేతులు పనిలో ఉన్నప్పుడే మీ అమ్మ నోరు విప్పుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. తల ఎత్తి నీ మొహం చూడాల్సిన పని ఉండదు కదా. అప్పుడు అడుగు. ఏం చెప్పినా వెంటనే కసురుకోకు, ఇంకో గుప్పెడు గింజలు తీసుకో.

విమానం నంబరు నాకు వాట్సాప్ చెయ్యి. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, మసాలా నేను తెచ్చి ఉంచుతాను, పితికిపప్పు కూర ఆ పూట మీ ఇంట్లోనే.

మీ పెద్దమ్మ