చెమట పట్టని యోగాతో లాభం ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 54. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిగా బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. మెడ, నడుము ఎప్పుడూ పట్టేసినట్టే ఉంటాయి. రాత్రి పడుకున్నాక చాలాసేపటి వరకు నిద్ర పట్టదు. మొదట వేగంగా చేయించే యోగా క్లాసులో చేరాను, మోకాళ్ల నొప్పులు రావడంతో మానేశాను. ఇప్పుడు నిదానంగా, మధ్యమధ్యలో విశ్రాంతి ఇస్తూ చేయించే క్లాసుకు వెళ్తున్నాను. హాయిగా ఉంది. కానీ మా అమ్మాయి ‘చెమట కూడా పట్టదు, అదేం ఎక్సర్‌సైజ్ అమ్మా’ అంటోంది. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా? కొన్నాళ్లయ్యాక బీపీ మాత్ర మానేయొచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. సొంతంగా మానేయకండి. క్రమం తప్పకుండా చేస్తే యోగా బీపీని కొంత తగ్గించవచ్చు. అయితే ఆ తగ్గుదల సాధారణంగా కొద్ది పాయింట్లే, అందరిలోనూ ఒకేలా ఉండదు. ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసుకుని రాసిపెట్టుకోండి. యోగా అయిన వెంటనే చూడొద్దు, అప్పుడు వచ్చే అంకె మీ రోజువారీ బీపీ కాదు. చూసుకునే ముందు 5 నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోండి. ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపిస్తే డోసు తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది ఆయన చూసుకుంటారు.

ఇక మీ అమ్మాయి మాట. అందులో సగం నిజం ఉంది. గుండెకు, ఊపిరితిత్తులకు గట్టి పని చెప్పే వ్యాయామం వేరే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండే వ్యాయామం చేయమంటుంది. వాటితో పాటు కండరాలకు బలాన్నిచ్చేవి వారానికి రెండు రోజులైనా చేయాలి. మీ నిదానం యోగా తేలికపాటి శ్రమ కిందే లెక్క, కాబట్టి నడక కూడా పెట్టుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి. అంత వేగం చాలు.

మిగతా సగం దగ్గర మాత్రం నేను మీ పక్షమే. మెడ, నడుము పట్టేసిన మనిషికి చెమట కంటే నిదానమే ముఖ్యం. కండరాన్ని ఒక్కసారిగా లాగితే అది తనను తాను కాపాడుకోవడానికి ఇంకా బిగుసుకుంటుంది. మన శరీరంలో సహజంగా ఉన్న రక్షణ ఏర్పాటు అది. మెల్లగా సాగదీసి కాసేపు అలాగే ఉంచితే ఆ బిగింపు సడలుతుంది, సాగడాన్ని తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. కావాలంటే ఇప్పుడే చూడండి. కుర్చీలో నిటారుగా కూర్చుని కుడి చెవిని కుడి భుజం వైపు వంచండి. భుజాన్ని చెవి దగ్గరకు ఎత్తకండి, అందరూ చేసే పొరపాటు అదే. మొదట ఎడమవైపు మెడ బిర్రుగా లాగుతుంది. అక్కడే ఆగి నాలుగైదు సార్లు నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. లాగడం కొంచెం తగ్గిందనిపిస్తుంది. అప్పుడు తలను మధ్యకు తెచ్చి రెండో వైపు చేయండి. దీర్ఘకాలిక నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను కూడా చేరుస్తూ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండో లాభం ఊపిరి దగ్గర ఉంది. నిజానికి నా దృష్టిలో ఇదే పెద్దది. విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. 4 అంకెలు లెక్కపెడుతూ తీసుకుని, 6 అంకెలు లెక్కపెడుతూ వదిలితే అది నిమిషానికి 6కు దిగుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఇలా చేస్తే, గాలి తీసుకునేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం కొందరికి వేళ్లకే తెలుస్తుంది. శరీరాన్ని విశ్రాంతి వైపు నడిపించే వేగస్ నరం చేసే పని అది. వయసు పెరిగే కొద్దీ ఈ తేడా తగ్గుతుంది కాబట్టి మీకు తెలియకపోయినా కంగారు పడొద్దు. రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఆఫీసు టెన్షన్ కారణమైతే, పడుకునే ముందు ఓ 10 నిమిషాలు ఇలా ఊపిరి సాధన చేసి చూడండి. కళ్లు తిరిగినట్టుంటే లెక్క ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

మోకాళ్ల విషయంలో మొహమాటపడకండి. వజ్రాసనం, పద్మాసనం నొప్పిగా ఉంటే కుర్చీ మీద కూర్చుని చేస్తానని టీచర్‌తో చెప్పండి. మోకాళ్ల మీద ఉండాల్సిన ఆసనాలకు కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. మీ బీపీ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి పోవద్దు. గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లయితే తల కిందికి దించే ఆసనాలన్నీ మానుకోవడమే మంచిది, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మీ వయసులో ఎముకలు పలచబడుతుంటాయి. అలా ఉందని పరీక్షలో తేలి ఉంటే వెన్నును గుండ్రంగా వంచి ముందుకు వాలడం, బలంగా మెలితిప్పడం వద్దు, వెన్నుపూసలు చితికే ప్రమాదం ఉంది. నెమ్మదిగా చేసే యోగాలో దెబ్బలు తక్కువే, అలాగని అస్సలు తగలవని కాదు. శవాసనం నుంచి లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడండి. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు చటుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

సాగుతున్నట్టు అనిపించడం వేరు, నొప్పి వేరు. పొడిచినట్టున్నా, కీలు లోపల నొప్పి వచ్చినా అక్కడితో ఆపేయండి. నడుము నుంచి కాల్లోకి తిమ్మిరి పాకినా, చెయ్యి, కాలు పట్టు తప్పుతున్నా ఆసనాలు పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించుకోండి. మూత్రం మీద అదుపు తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.