కరెంటు బిల్లు వెనక అమ్మ ముగ్గు

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. ఎనిమిది నెలల కిందట నాన్న పోయారు. అమ్మకు 61 ఏళ్లు. ఒక్కతే ఎందుకని ఇక్కడికి, నేను, నా భార్య, మా అబ్బాయి ఉంటున్న ఇంటికి తీసుకొచ్చాం. ఏడవదు, నాన్న మాట ఎత్తదు. కదిలిస్తే ‘నాకేంరా, బాగానే ఉన్నా’ అంటుంది. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూర్చుని కరెంటు బిల్లులు, కొరియర్ కవర్ల వెనక ముగ్గులు గీస్తుంటుంది. గడప ముందు మాత్రం వెయ్యదు, మా పెద్దమ్మ ఏదో అన్నదట. పోయిన నెల ఇల్లు సర్దుతూ ఆ కట్టను చెత్త అనుకుని పాత పేపర్లవాడికి వేసేశాను. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆఫీసులో ఒకరు ఆర్ట్ థెరపీ మంచిదంటే శనివారం ఓ వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. అందరికీ కాన్వాస్ ఇచ్చి సూర్యాస్తమయం వేయించారు. అమ్మ తలనొప్పితో తిరిగొచ్చి ‘నాకేమన్నా పిచ్చా, ఇంకోసారి ఇట్లాంటి చోటికి పిలవొద్దు’ అంది. ఈ థెరపీ నిజంగా పనిచేస్తుందా? ఆ ముగ్గులు జబ్బు లక్షణమా? అమ్మ గీసిన కాగితం ఒకటి ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక కొడుకు, కె.ఆర్.పురం

జవాబు: ముందు ఆ కాగితాల కట్ట సంగతి మాట్లాడుకుందాం. మీరు కావాలని చేయలేదు, నిజమే. కానీ ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదంటే అవి చెత్త కావని మీకు అర్థమయ్యే ఉంటుంది. ‘సారీ అమ్మా’ అని వంటింటి గుమ్మంలో నిలబడి అనేసి వచ్చారేమో, తెలియదు. అది చాలదు. ‘అవి దాచుకున్నావని తెలీక పడేశానమ్మా, తప్పయింది’ అని పక్కన కూర్చుని చెప్పండి. ఆవిడ ‘పోనీలేరా’ అంటారు. అన్నా సరే, వెంటనే లేచి వెళ్లకండి.

మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. కరెంటు బిల్లు వెనక నీలం బాల్‌పెన్నుతో వేసిన మెలికల ముగ్గు. చుక్కలు స్కేలు పెట్టి కొలిచినట్టున్నాయి. గీత ఏ చుక్కనూ తాకకుండా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి చేరుకోవాలి. ఇందులో కుడివైపు అంచున రెండు చుక్కల ముందు ఆగిపోయింది, కలవలేదు. దీనికి అర్థం చెప్పమని మీరు అడగలేదు గానీ, ఫొటో పంపింది అందుకేనని నాకు అనుమానం.

చెప్పను. చెప్పేవాళ్లుంటారు. కలవని గీత అంటే తెగిపోయిన బంధమని, నల్లరంగు అంటే దిగులని, మెట్లు గీస్తే ఇంకేదో అని. చిలక జోస్యానికీ దానికీ పెద్ద తేడా లేదు. గీత అక్కడ ఆగింది బాధవల్ల కావచ్చు, మీ అబ్బాయి మంచినీళ్లు అడిగినందువల్లా కావచ్చు. తెలిసింది ఆవిడ ఒక్కరికే. శిక్షణ ఉన్న ఆర్ట్ థెరపిస్టు చేసేది కూడా ఇదే. బొమ్మ చూసి మనిషిని చదివేయరు. ‘ఇక్కడ ఆపేశారే?’ అని మెల్లగా అడుగుతారు, జవాబు కోసం తొందరపడరు. కొన్నిసార్లు ఆ జవాబు రెండు వారాల తర్వాత, వేరే బొమ్మ గీస్తున్నప్పుడు వస్తుంది.

ఆర్ట్ థెరపీ అన్న మాటను 1942లో మొదట వాడింది ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు. క్షయతో శానిటోరియంలో మంచం పట్టి, ఎదురుగా కనపడే వస్తువులను గీసుకుంటూ కాలం గడిపాడు. అది తనకు మేలు చేసిందనిపించి తోటి రోగులకూ, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకూ పెన్సిళ్లు అందించాడు. దాని పుట్టుకే అలాంటిది. ఇందులో బొమ్మ బాగా రావడం ముఖ్యం కాదు, నోటితో చెప్పలేనిది చేతిలోంచి కాగితం మీదికి రావడం ముఖ్యం. ఎదురుగా ఒక మనిషి దానికి సాక్షిగా ఉండాలి. ఆ మనిషి లేకపోతే అది డ్రాయింగ్ క్లాసు. డ్రాయింగ్ క్లాసులో తప్పేమీ లేదు, కాకపోతే పేరు వేరు.

మీరు తీసుకెళ్లిన వర్క్‌షాప్ అలాంటిదే అనుకుంటాను. తెలియని భాషల్లో మాట్లాడుకునే పాతికమంది మధ్య, చేతికి అలవాటు లేని యాక్రిలిక్ రంగులిచ్చి, ఎనిమిది నెలల కిందట భర్తను పోగొట్టుకున్న మనిషిని సూర్యాస్తమయం వేయమన్నారు. తలనొప్పి రాక ఏమొస్తుంది? థెరపిస్టులు వస్తువును కూడా చూసి ఎంచుకుంటారు. పెన్సిలు మన అదుపులో ఉంటుంది, నీటిరంగు జారిపోతుంది, మట్టి ఒత్తిన చోటల్లా ఒదుగుతుంది. లోపలంతా పట్టు తప్పినట్టున్న మనిషికి మొదటి రోజే జారిపోయే రంగు ఇవ్వరు. మీ అమ్మగారు తనకు ఏం కావాలో తనే తెలుసుకుని బాల్‌పెన్ను, చుక్కలు ఎంచుకున్నారు. చుక్కలు పెట్టాక ఒక లెక్క ఉంటుంది, దాని వెంట చేయి వెళుతుంది. ఇంట్లో ఏదీ తన లెక్కప్రకారం నడవనప్పుడు అదొక్కటైనా నడుస్తుంది. అందుకే ఆ ముగ్గుల్ని నేను జబ్బు లక్షణం అనను. రాత్రి రెండింటికి లేవడం మాత్రం పట్టించుకోవాల్సిన విషయం. దాని గురించి కింద చెబుతాను.

పనిచేస్తుందా అని అడిగారు. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది వయోజనులతో 45 నిమిషాలపాటు మట్టి, రంగు పెన్నులు, కాగితం ముక్కలతో తోచింది చేయించి, ముందూ వెనకా లాలాజలం పరీక్షించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. టెన్షన్‌లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తగ్గింది. బొమ్మలు వేయడం ముందే వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. కానీ ఒక వంతు మందికి తగ్గలేదని కూడా గుర్తుంచుకోండి. పైగా అది చిన్న అధ్యయనం, ఒక్క పూట సంగతి. దుఃఖం ఒక్క పూట వ్యవహారం కాదు. కాబట్టి దీన్ని మందుకు, డాక్టరుకు బదులుగా కాకుండా వాటికి తోడుగా చూడండి.

నా సంగతి ఒకటి. శిక్షణలో ఉన్నప్పుడు మా చేత కూడా గీయించేవారు. ‘మీ ఇల్లు గీయండి’ అన్నారొకసారి. నేను గబగబా పొయ్యి, దాని మీద ఎసరుగిన్నె గీసి పైకి చూసి నవ్వాను. పక్కనున్నామె ‘మనుషులేరీ?’ అంది. ఆ రోజు మిగతా క్లాసులో నేనేం విన్నానో నాకు గుర్తు లేదు.

ఇక డాక్టరు విషయం. ఎనిమిది నెలలు ఎక్కువా తక్కువా అంటే పుస్తకాలే ఒక మాట మీద లేవు. మనిషిని మామూలు జీవితంలోకి రానివ్వనంత దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆరు నెలలు దాటితే, అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకం పెద్దవాళ్లలో పన్నెండు నెలలు దాటితే వైద్యం అవసరమైన స్థితిగా చూస్తాయి. నెలలు లెక్కపెట్టకుండా మనిషిని చూడండి. తిండి తగ్గి బరువు పడిపోతున్నారా, స్నానం, పూజ, మనవడితో మాట వదిలేశారా, ‘ఆయనతో పాటే నేనూ పోయుంటే బాగుండేది’ లాంటి మాటలు వస్తున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సైకియాట్రిస్టును కలవండి. చివరి మాట వినిపిస్తే ఆ రోజే కలవండి. ఏదీ లేకపోయినా ఈ నిద్ర గురించి మామూలు డాక్టరుతో మాట్లాడి థైరాయిడ్, బి12, షుగరు ఒకసారి చూపించండి. ఈ వయసులో దిగులుగా కనిపించేదంతా దిగులే కానక్కర్లేదు.

మీరున్న ఊళ్లోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది. ‘నాకేం పిచ్చా’ అనే మనిషిని నేరుగా అక్కడికి తీసుకెళ్లలేమనుకుంటే, అంత పెద్ద మానసిక ఆసుపత్రి గేటు దాటకుండానే మాట్లాడేందుకు వాళ్లదే ఒక సెంటర్ బి.టి.ఎం. లేఅవుట్‌లో ఉంది. అదీ దూరమనుకుంటే మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416. ఎప్పుడైనా చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. మొదట మీరే చేసి అమ్మ గురించి అడిగినా తప్పు లేదు.

ఆర్ట్ థెరపిస్టు దగ్గరికి వెళ్లదలిస్తే కొంచెం జాగ్రత్త. క్లినికల్ సైకాలజిస్టులకు మన దేశంలో పునరావాస మండలి నమోదు ఉంటుంది. ఆర్ట్ థెరపిస్టు అని బోర్డు ఉన్నంత మాత్రాన శిక్షణ ఉన్నట్టు కాదు. ఎక్కడ ఎంతకాలం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, గీసిన కాగితాలు ఎవరి దగ్గరుంటాయి అని మొహమాటం లేకుండా అడగండి. అన్నిటికంటే ముందు, తెలుగు వచ్చా అని. మదనపల్లె మాట అర్థంకాని మనిషి ముందు మీ అమ్మగారు నోరు విప్పరు.

మీ పెద్దమ్మగారు ఏమన్నారో మీరు రాయలేదు. భర్త పోయిన ఆడది గడప ముందు ముగ్గు వేయకూడదని అయ్యుంటుంది. పెళ్లయిన నాటి నుంచీ తెల్లవారుజామున చేసిన పనిని, ఆయన పోయిన రోజునే ఆవిడ చేతిలోంచి లాగేశారన్నమాట. మొగుడు పోయాడు, ముగ్గూ పోయింది. నాకు కోపమొచ్చింది, దాచుకోను. అలాగని మీరు పెద్దమ్మకు ఫోన్ చేసి దెబ్బలాడొద్దు, అమ్మను బలవంతంగా గడప దగ్గర కూర్చోబెట్టనూ వద్దు. మీ ఆవిడ ఓ పొద్దున ముగ్గుపిండి గిన్నె పట్టుకెళ్లి ‘అత్తా, నాకు చుక్కలు కుదరట్లేదు, మీరు పెట్టండి, నేను కలుపుతా’ అనొచ్చు. వద్దంటే వదిలేయండి. ఇంకో రోజు వస్తుంది.

మంచి గళ్ల నోట్‌బుక్ ఒకటి, రెండు పెన్సిళ్లు కొని ఆవిడ కూర్చునే చోట పెట్టండి. ‘గీయి’ అని చెప్పొద్దు. ఆదివారం మీరు కూడా ఓ కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. మీ గీతలు వంకరపోతాయి, ఆవిడ నవ్వుతారు. నాన్న మాట అప్పుడు మీరే ఎత్తండి. ఇంత ఉత్తరంలో ఆయన గురించి ‘నాన్న పోయారు’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఆయన ఏం చేసేవారు, ఎలా పోయారు, మీరు ఏడ్చారా లేదా, ఏమీ లేదు. అమ్మకు వైద్యం వెతికే హడావిడిలో మీ వాటా దుఃఖం పక్కన పడిపోయిందేమో. మాట రాకపోతే మీరూ గీయొచ్చు. ఆయన కళ్లజోడో, చెప్పులో, ఊళ్లో ఇంటి అరుగో.

ఆ నోట్‌బుక్ నిండాక ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. అడక్కుండా పెట్టకండి.