రెండు గన్నవరాలు

ప్రశ్న: మాది చీరాల. ఇంటిపేరు గన్నవరపు. మా నాయనమ్మ 1932లో పుట్టింది. ఆవిడ మామగారి తండ్రి బియ్యం పడవ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. "రెండు పెద్ద ఏర్లు దాటి వచ్చారంట" అనేది నాయనమ్మ. బాబాయి మాత్రం మనది బెజవాడ పక్కన ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరమే, పడవా లేదు గిడవా లేదు అని కొట్టిపారేస్తాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: అమ్మా, మీ బాబాయిగారి మాట కంటే నాయనమ్మగారి మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఇంకో గన్నవరం ఉంది. పి.గన్నవరం అంటారు. బెజవాడ గన్నవరం నుంచి కూడా పడవలో రావచ్చు, ఏలూరు కాలువ ఆ పక్కగానే పోతుంది. కానీ అక్కణ్ణుంచి మీ వైపు రావాలంటే దాటాల్సిన పెద్ద ఏరు కృష్ణ ఒక్కటే. రెండోది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

కోనసీమ పడవ దారి చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, బెజవాడది 1855కి. ఆనకట్ట ఎగువన నిలిచిన నీళ్లలో గోదావరి దాటి, విజ్జేశ్వరం దగ్గర కాలువలో దిగితే నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా బెజవాడ. అక్కడ కృష్ణ దాటితే సీతానగరం లాకులు, తర్వాత దుగ్గిరాల లాకులు, కొమ్మమూరు కాలువ, చివరికి మీ కింద పెదగంజాం. అక్కణ్ణుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. లాకు దగ్గర నీటిమట్టం సరిచేసి తలుపు తీసేదాకా ఆగాలి. అలా ఆగిన చోట్ల బేరాలు, అప్పులు, సంబంధాలు కుదిరేవి.

కాలం కూడా సరిపోతోంది. నాయనమ్మగారి నుంచి తరానికి పాతికేళ్లు వెనక్కి వెళితే, పడవ మీద వచ్చిన ఆయన 1880కి అటూ ఇటూగా పుట్టి ఉంటారు. 1876-78 కరువులో కూలి పనిగా కొంత తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టిన కాలువ బకింగ్‌హామ్. బెజవాడ-మద్రాసు రైలు 1899లో వచ్చింది. ఈయన కుర్రతనమంతా పడవలు జోరుగా నడిచిన రోజులే. రైలు వచ్చాక కూడా పడవలు ఆగలేదనుకోండి.

అయితే ఇంటిపేరు దగ్గర జాగ్రత్త. గన్నవరంలో ఉన్నవాణ్ణి గన్నవరపువాడని ఎవరూ పిలవరు, ఊరు విడిచాకే ఆ పేరు పడుతుంది. చీరాల వచ్చాక పడిందా, అంతకు నాలుగు తరాల ముందే ఇంకో ఊళ్లో పడిందా అన్నది పేరు చెప్పదు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి కూడా, మా వంశం వెతికేటప్పుడు ఇంటిపేరు పట్టుకుని ఓ ఊరు పోయి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

అందుకని బయల్దేరిన ఊళ్లో కాదు, దిగిన ఊళ్లో వెతకండి. పడవ దిగిన మనిషి ఇక్కడ మొదట కొన్న దొడ్డో, తాకట్టు పెట్టించుకున్న పొలమో ఉంటుంది. ఆ దస్తావేజులో "ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, వర్తకం జీవనం" అని రాసి ఉంటుంది. మీకు కావలసింది ఆ ఒక్క వాక్యం. రిజిస్ట్రేషన్ ఆఫీసులోని పాత వాల్యూములకు ఇండెక్సులుంటాయి. ఒకటో నంబరులో మనుషుల పేర్లు, రెండోదాంట్లో ఆస్తులు. రుసుము కట్టి వెతికించి నకలు తీసుకోవచ్చు. ఇంటిపేరు మీద దొరక్కపోతే సొంత పేరు మీద చూడమనండి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, అంతకుముందు మీ చీరాల ఉన్న బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. పాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని కనిపిస్తే మనది కాదని పక్కన పెట్టేయకండి.

ఇంట్లోవాళ్లు ఎవరైనా కాశీకో గయకో వెళ్లొచ్చి ఉంటే అక్కడి పండాల (యాత్రికుల పేర్లు, ఊళ్లు రాసిపెట్టుకునే పురోహితుల) పుస్తకాల్లోనూ ఊరి పేరు దొరకొచ్చు. కానీ ముందు దస్తావేజు చూడండి.

ఇంతా రాసి మీరు ఆయన పేరు చెప్పలేదు. పేరు లేకుండా ఏ ఇండెక్సూ తెరవలేం. బాబాయిగారితో ఊరి గురించి వాదన పెట్టుకోకుండా వాళ్ల ముత్తాతగారి పేరేమిటో అడిగి రాయండి.