బేస్‌బాల్‌లో డివిజన్ రేసులో, అంటే ఒకే గ్రూపు జట్ల మధ్య మొదటి స్థానం కోసం సాగే పోటీలో, రెండు జట్లు పక్కపక్కనే ఉంటే ఎవరిది పైచేయి అని ఎలా చెప్పగలం?

ముందు పరుగుల తేడా చూడండి, గెలుపుల పట్టిక తర్వాత. కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన, ప్రత్యర్థికి ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగిస్తే జట్టు గెలవాల్సిన శాతం సుమారుగా వస్తుంది. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చెప్పిన ఈ లెక్క చాలాసార్లు పట్టిక కంటే నిజం చెబుతుంది.

చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ కాదు. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక డివిజన్ అయిన నేషనల్ లీగ్ వెస్ట్‌ని 2021లో చూడండి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 830 పరుగులు కొట్టి 561 ఇచ్చారు, అంటే 162 గేమ్‌ల సీజన్‌లో దాదాపు 111 గెలుపుల జట్టు. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 804 కొట్టి 594 ఇచ్చారు, 105 దాకా రావాలి. తీరా చూస్తే జెయింట్స్ 107, డాడ్జర్స్ 106! సీజన్ పొడవునా ముఖాముఖి పోరులోనూ జెయింట్స్‌దే 10-9 ఆధిక్యం.

అందుకే ఆఖరి వారాల్లో మిగిలిన షెడ్యూలుకి, ఎవరి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఏ రోజు వస్తాడన్నదానికి నేను ఎక్కువ బరువిస్తాను. ఆ సీజన్ చివరి రోజు, అక్టోబర్ 3న, జెయింట్స్ ఒక్క గేమ్ ముందున్నారు. ఓడితే, అవతల డాడ్జర్స్ గెలిస్తే, సమానమైన రెండు జట్లలో విజేతను తేల్చే అదనపు గేమ్, టైబ్రేకర్, ఆడాల్సి వచ్చేది. డాడ్జర్స్ 10-3తో గెలిచారు కూడా. కానీ ఇటు జెయింట్స్ పిచర్ లోగన్ వెబ్ తన వంతు రోజున శాన్ డియేగో పాడ్రేస్‌పై ఏడు ఇన్నింగ్స్ వేశాడు, పైగా బ్యాట్ పట్టి కెరీర్‌లో తొలి హోమ్ రన్ బాదాడు. జెయింట్స్ 11-4తో గెలిచారు. ఆ పిచర్ అలా బాదిన క్షణం ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరింపే.

106 గెలిచిన డాడ్జర్స్‌కి మిగిలింది ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ గేమ్, అంటే డివిజన్ గెలవని జట్లు ముందుకెళ్లడానికి అప్పట్లో ఆడిన, ఓడితే ఇంటికే అన్న ఒక్క ఆట.