గుండె మళ్లీ కొట్టుకుంది, మెదడు దెబ్బతింది: ఆసుపత్రిపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అన్నయ్యకు 47 ఏళ్లు. ఛాతీ నొప్పితో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే ఎమర్జెన్సీలో ఉండగానే గుండె ఆగింది. సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చాక గుండె తిరిగి కొట్టుకుంది గానీ స్పృహ రాలేదు. ఏడు నెలలుగా మంచంలోనే ఉన్నాడు, ఎవరినీ గుర్తుపట్టడు. ఐసీయూలో రెండో రోజు, మూడో రోజు జ్వరంతో ఒళ్లు కాలిపోయిందని వదిన అంటోంది. శరీరాన్ని చల్లబరిచే చికిత్స చేసి ఉంటే మెదడు దక్కేదని తర్వాత చూసిన డాక్టరు అన్నారు. ఆసుపత్రిపై కేసు వేయొచ్చా? పోలీసు కేసు కూడా పెట్టాలా? వైద్యం ఖర్చులకు అన్నయ్య పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ తీద్దామంటే బ్యాంకు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కేసు వేయొచ్చు. అయితే ‘చల్లబరచలేదు’ అన్న ఒక్క ఆరోపణ మీద వేస్తే నిలవడం కష్టం. ‘జ్వరాన్ని వదిలేశారు’ అన్నదానికి రికార్డులో ఆధారం దొరికితే మాత్రం ఫిర్యాదుకు బలం వస్తుంది. రెండూ ఒకటే కదా అనిపించవచ్చు. చట్టం దృష్టిలో కాదు.

2002లో వెలువడిన రెండు పరిశోధనల తర్వాత, గుండె ఆగి తిరిగి కొట్టుకున్నా స్పృహ రాని రోగుల శరీరాన్ని 12 నుంచి 24 గంటల పాటు 32–34 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచడం చాలా దేశాల్లో మొదలైంది. మీకు ఆ మాట చెప్పిన డాక్టరు మనసులో ఉన్నది ఈ పద్ధతే. కానీ 2013 నాటి పరిశోధనలో 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ ఫలితంలో తేడా కనబడలేదు. 2021లో వచ్చిన పెద్ద పరిశోధనలో 33 డిగ్రీలకు చల్లబరిచినవారికీ, జ్వరం రాకుండా మాత్రమే చూసినవారికీ ఆరు నెలల తర్వాత తేడా లేదని తేలింది. ఆ తర్వాత 2022లో ఐరోపా నిపుణుల సంఘాలు ఇచ్చిన సూచన ఇది: స్పృహ రాని రోగికి కనీసం 72 గంటలు ఉష్ణోగ్రత 37.7 డిగ్రీలు దాటనివ్వకూడదు. అమెరికా మార్గదర్శకాలు 2023లో 32 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఏదో ఒక స్థాయిని ఎంచుకుని అక్కడే నిలకడగా ఉంచమన్నాయి.

వైద్య నిర్లక్ష్యంపై జాకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. వైద్యంలో రెండు అంగీకృత పద్ధతులు ఉన్నప్పుడు డాక్టరు ఒకదాన్ని ఎంచుకుంటే, రెండోది ఎంచుకోలేదన్న కారణంతో నిర్లక్ష్యం అనలేం. కాబట్టి చల్లబరచకపోవడం ఆసుపత్రి సమర్థించుకోగల నిర్ణయం. కానీ స్పృహ లేని రోగికి రెండు రోజులు జ్వరం ఉంటే వదిలేయమని చెప్పే వైద్య పద్ధతి ఏదీ లేదు. దెబ్బతిన్న మెదడుకు జ్వరం వస్తే ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, వాపు ముదురుతుంది. మీ లాయరు పట్టుకోవలసింది ఇక్కడే.

అసలు సాక్ష్యం కేస్ షీట్‌లో ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టి పంపేస్తే సరిపెట్టుకోవద్దు. నర్సులు గంట గంటకూ రాసే ఐసీయూ చార్టు, సీపీఆర్ నమోదు పత్రం, ఈసీజీ స్ట్రిప్‌లు, రక్తంలో వాయువుల పరీక్ష రిపోర్టులు, మందుల చార్టు అన్నీ పేరుపేరునా రాసి అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి. అర్జీని రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాక రికార్డు తెప్పించమని కూడా అడగవచ్చు. సీసీ కెమెరా దృశ్యాలు త్వరగా చెరిగిపోతాయి. ఏడు నెలలు గడిచాయి గనుక వాటి మీద ఆశ పెట్టుకోకండి.

చార్టు చేతికొచ్చాక ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత గడి. మన నర్సులు చాలాచోట్ల ఫారెన్‌హీట్‌లో రాస్తారు. 37.7 సెల్సియస్ అంటే దాదాపు 99.9 ఫారెన్‌హీట్. 102 అని వరుసగా రాసి ఉండి, ఎదురుగా మందు గానీ, చల్లబరిచే దుప్పటి గానీ, డాక్టరుకు చెప్పినట్టు గానీ ఏ నమోదూ లేకపోతే అదే మీ కేసు. గడులు ఖాళీగా ఉంటే అదీ మీకు పనికొచ్చే విషయమే. చంకలో పెట్టి చూసిన రీడింగు శరీరం లోపలి వేడి కన్నా తక్కువ చూపిస్తుంది, ఎక్కడ కొలిచారో గమనించండి. రక్తపోటులో పై అంకె 90 కిందికి ఎంతసేపు పడిపోయింది, ఆక్సిజన్ శాతం 92 కన్నా తగ్గిందా, మూర్ఛలు వస్తే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీశారా, ఇవి కూడా మెదడును కాపాడే చికిత్సలో భాగమే.

ఇక కఠినమైన విషయం. నిర్లక్ష్యం చూపించడంతో సరిపోదు, దానివల్లే మెదడు దెబ్బతిందని కూడా మీరే రుజువు చేయాలి. రక్తప్రసరణ ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. జ్వరం రాకముందే నష్టం జరిగిపోయిందని ఆసుపత్రి తప్పకుండా వాదిస్తుంది. అందుకే గుండె ఆగిన సమయం, సీపీఆర్ మొదలైన సమయం, షాక్ ఇచ్చిన సమయం, నాడి తిరిగి దొరికిన సమయం నాలుగూ కావాలి. ఆలస్యం తక్కువ అని తేలితే, తర్వాతి జ్వరమే హాని చేసిందన్న మీ వాదన బలపడుతుంది. ఎమర్జెన్సీ గదిలోనే కుప్పకూలిన మనిషికి షాక్ ఇవ్వడానికి పది నిమిషాలు పట్టిందని తేలితే మాత్రం కేసు జ్వరం మీద కాదు, ఆ పది నిమిషాల మీద నడపాలి. రికార్డు చదవకుండా ఫిర్యాదు రాయించవద్దని చెప్పేది ఇందుకే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఏ కమిషన్ అన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని వి. కిషన్‌రావు కేసులో (2010) సుప్రీంకోర్టు అన్నది. అయినా మీ కేసులో కారణం తేల్చడమే చిక్కు గనుక న్యూరాలజిస్టు గానీ, ఐసీయూ నిపుణుడు గానీ రాతపూర్వకంగా ఇచ్చిన అభిప్రాయం లేకుండా ముందుకెళ్లొద్దు. నోటి మాటగా చెప్పిన డాక్టరు చాలాసార్లు సంతకం దగ్గర వెనక్కి తగ్గుతారు. చేర్చుకునేటప్పుడు ‘ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు’ అన్న కాగితం మీద సంతకం చేశామని భయపడకండి. నిర్లక్ష్యానికి అది రక్షణ కాదు.

పోలీసు కేసు ఇప్పుడు వద్దు. డాక్టరుపై క్రిమినల్ కేసుకు మామూలు నిర్లక్ష్యం చాలదు, అది ఘోరమైన స్థాయిలో ఉండాలి. సమర్థుడైన మరో డాక్టరు అభిప్రాయం లేకుండా ప్రైవేటు ఫిర్యాదు స్వీకరించరాదని జాకబ్ మాథ్యూ తీర్పులోనే ఉంది. పోలీసు కేసు వీగిపోతే కమిషన్‌లో ఆసుపత్రి దాన్నే చూపిస్తుంది.

డిపాజిట్ సంగతిలో బ్యాంకు తప్పు లేదు. నామినీ హక్కు ఖాతాదారు మరణించాకే వస్తుంది. స్పృహ లేని మనిషి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వలేరు. ముందే ఇచ్చి ఉన్నా కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం మతిస్థిమితం పోవడంతో అది రద్దవుతుంది. ఎవరైనా వేలిముద్ర వేయించి కాగితం తయారు చేద్దామంటే ఒప్పుకోకండి. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు. అందుకే మీ వదినగారు హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయాలి. కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలను లాయర్లు ఇందుకు చూపిస్తారు: న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు పరీక్ష, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి విచారణ, ఆస్తులూ వారసుల వివరాలూ. పిల్లలు, తల్లి ఉంటే వారి సమ్మతి పత్రాలు పిటిషన్‌కు జతచేయండి, ఆస్తి తగాదా లేదని కోర్టుకు తెలుస్తుంది. వైద్యం ఖర్చుకు ఫలానా డిపాజిట్ నుంచి తీసుకునేందుకు మధ్యంతర ఉత్తర్వు విడిగా కోరండి, తుది తీర్పు దాకా ఆగనక్కర్లేదు. సంరక్షకురాలిగా ఉత్తర్వు వచ్చాక వినియోగదారుల ఫిర్యాదును కూడా ఆమె పేరు మీదుగా అన్నయ్య తరఫున నడపవచ్చు. ఈలోగా రెండేళ్ల గడువు దగ్గరపడేలా ఉంటే మాత్రం ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా భార్యగా ఆమె చేతే ఫిర్యాదు వేయించండి.